సిరొంచ దారిలో జంగోమ్ దళం

మహారాష్ట్ర పటం తెరిచి తూర్పు కొసన దక్షిణానికి వేలాడుతున్నట్టుండే ముక్క మీద వేలు పెట్టండి. అది గడ్చిరోలి జిల్లా. ఆ ముక్కకు అట్టడుగున, ఒక పక్క ప్రాణహిత, దిగువన గోదావరి, ఇంకా తూర్పుకు పోతే ఇంద్రావతి చుట్టి ఉన్న ఊరు సిరొంచ. ఏటికి ఇవతల మరాఠీ బోర్డులు, అవతల కాళేశ్వరం గుడి. ఇవతల బళ్ళో పిల్లలు మరాఠీలో పద్యాలు అప్పజెప్తారు, ఇంటికొచ్చి "అవ్వా, ఆకలైతాంది" అంటారు. మనమంతా తెలుగు నేల వదిలి బతుకుతెరువు కోసం పరాయి రాష్ట్రాలకు వచ్చినవాళ్ళం. సిరొంచ వాళ్ళు ఎక్కడికీ రాలేదు. వాళ్ళున్న చోటే ఉన్నారు, గీతలే వాళ్ళ మీదుగా అటూ ఇటూ నడిచాయి.

నాగపూరులో ముప్పై అయిదేళ్ళుగా ఉంటున్నా నేను ఆ ఊరు చూడనేలేదు. మావారు రైల్వేలో పనిచేసిన రోజుల్లో బల్లార్షా దాకా ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కలేదు గానీ, అక్కడి నుంచి దారి అడవిలోకి తిరిగేది, మేము ఇంటికి తిరిగేవాళ్ళం. పోయిన శీతాకాలం సెలవులకు పుణె నుంచి మా అమ్మాయి, మనవడు వచ్చారు. మనవడికి పదమూడేళ్ళు. యుద్ధాల పుస్తకాలంటే పిచ్చి. ఏ యుద్ధంలో ఏ సేనాని ఏ పట్టణంలో మకాం పెట్టాడో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. మావారి పాత రైల్వే మిత్రుడి వియ్యంకులు సిరొంచలో ఉన్నారు. "ఒక్కసారి రాండ్రి, మా గంగ చూసిపోండ్రి" అని ఎన్నాళ్ళ నుంచో పిలుపు. (ఆ వైపు గోదావరిని గంగ అనే అంటారు.) సరే, బయలుదేరాం.

చంద్రపూర్ నుంచి సిరొంచ 200 కిలోమీటర్లకు పైమాటే. బల్లార్పూర్, గోండ్‌పిప్రీ దాటి ఆష్టి దగ్గర వైనగంగ వంతెన ఎక్కితే గడ్చిరోలి జిల్లా మొదలవుతుంది. అక్కడికి కొంచెం దిగువన వార్ధా నది వచ్చి వైనగంగలో కలుస్తుంది. కలిసిన నీళ్ళ పేరు ప్రాణహిత. ఆ పేరు పెట్టిన వాళ్ళెవరో గానీ, నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

చంద్రపూర్‌లో కొట్ల మీద పేర్లు చదువుకుంటూ పోతుంటే ఒక సంగతి కనబడుతుంది. ఇంటిపేర్ల చివర "వార్" అని ఉంటుంది. మన "వారు" అన్న మాట ఇక్కడ మరాఠీ లిపిలో కొమ్ము పోగొట్టుకుని నిలబడింది. 1962లో మహారాష్ట్రకు రెండో ముఖ్యమంత్రి అయిన కన్నంవార్ గారు ఈ జిల్లా మనిషే. మా మనవడు ఆ పేర్లన్నింటికీ చివర కొమ్ము తగిలించుకుంటూ చదివాడు. ఆట కింద మొదలుపెట్టాడు కానీ ఆష్టి వచ్చేసరికి వాడికే ఆశ్చర్యం వేసింది. "అమ్మమ్మా, ఇంతమంది మనవాళ్ళా?" అన్నాడు. "మనవాళ్ళనుకుంటే మనవాళ్ళే" అని ఊరుకున్నాను.

ఆష్టి దాటాక టేకు చెట్లు రెండు పక్కలా దగ్గరికి వస్తాయి. ఆలాపల్లిలో అటవీశాఖ వారి కలప డిపో, ఆ ఊరి దగ్గరే గొడ్డలి తాకని పాత అడవిని ఒక ముక్క కాపాడి "వనవైభవం" అని పేరు పెట్టారు. 2014లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడి టేకు మానులను ఇద్దరు చేతులు పట్టుకున్నా చుట్టలేరు. మేము టీ తాగడానికి దిగింది ఆలాపల్లిలోనే. అక్కడే మా ప్రయాణంలోకి బాబూరావు వచ్చి కూర్చున్నాడు.

టీకొట్టు ఎదురుగా ఒక పటం ఉంది. తలపాగా, మీసం, చేతిలో కత్తి. కింద మరాఠీలో "వీర్ బాబూరావ్ శెడ్మాకే". మా అమ్మాయి చదివి చెప్పింది. ఇతని పేర తపాలాబిళ్ళ కూడా వచ్చింది. మనలో చాలామందికి కొమరం భీం తెలుసు, నిర్మల్‌లో 1860లో ఉరికంబమెక్కిన రాంజీ గోండు పేరూ ఈమధ్య వింటున్నాం. ప్రాణహితకు ఇవతలి ఒడ్డున, దాదాపు అదే కాలంలో జరిగిన ఈ కథ మన పాఠకుల్లో ఎక్కువమందికి తెలియదనుకుంటాను. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

నాగపూర్ భోంస్లే రాజు మూడవ రఘూజీ 1853 డిసెంబరులో వారసుడు లేకుండా పోయాడు. మరుసటి ఏడు కంపెనీ వారు రాజ్యాన్ని కలిపేసుకున్నారు. దాంతో చాందా ఒక జిల్లా అయింది. (ఇవాళ చంద్రపూర్ అంటున్నది దాన్నే.) దానికి డిప్యూటీ కమీషనర్ కెప్టెన్ క్రైటన్ అనే సైనికాధికారి. అంటే శిస్తు కాగితం, తుపాకీ రెండూ ఒకే బల్ల మీద. జిల్లాలో సగం పైగా అడవి. అడవి అంతా గోండు జమీందార్ల చేతుల్లో ఉండేది. అందులో పెద్దది అహేరీ, 2,600 చదరపు మైళ్ళకు మించిన ఎస్టేటు. చిన్నవాటిలో ఒకటి మొలంపల్లి. ఆ మొలంపల్లి జమీందారు బాబూరావు. 1833లో పుట్టాడు. రాయపూర్‌లో ఇంగ్లీషు చదువు చదివాడని చెప్తారు. ఎదుటివాడి భాష చదివినవాడే ముందుగా ఎదురు తిరగడం మన దేశంలో కొత్త కాదు.

1857 సెప్టెంబరులో, ఉత్తరాదిన ఢిల్లీ మళ్ళీ ఇంగ్లీషువారి చేతికి పోతున్న రోజుల్లో, ఇక్కడ అతను సుమారు 500 మంది అడవిబిడ్డలను కూడగట్టాడు. దానికి జంగోమ్ దళం అని పేరు. విల్లంబులు, బల్లేలు, కొన్ని నాటు తుపాకులు. జీతం లేదు, దుస్తులు లేవు, దండు విడిసే స్థిరమైన చోటు లేదు. ఆ వేళకు ఏ ఊళ్ళో అంబలి కాస్తే అదే మకాం. 1858 మార్చిలో ఈ దండు రాజ్‌గఢ్ పరగణా మీద పడింది. అడపల్లి, ఘోట్ ఎస్టేట్ల జమీందారు వ్యంకటరావు వచ్చి కలిశాడు. రోహిలాలు కూడా కొందరు కలిశారు. మార్చి 13న చాందాకు తూర్పున నందగావ్ ఘోసరి దగ్గర క్రైటన్ పంపిన బలగంతో మొదటి పోరు జరిగింది. ఆ తర్వాత కొన్ని వారాల పాటు దెబ్బ కొట్టడం, అడవిలోకి తప్పుకోవడం. అడవి వాళ్ళది, దారి వాళ్ళది, ఏరు ఎక్కడ లోతో ఎక్కడ కాదో వాళ్ళకే తెలుసు.

ఇక్కడ మా మనవడు ఆపాడు. "అమ్మమ్మా, ఇది జపాన్ హోమ్ ఆర్మీ లాగా ఉంది" అన్నాడు. వాడు ఆ మధ్యే ఆ పుస్తకం చదివాడు. వాడు చెప్పినంత, నేను తర్వాత చూసి సరిచూసుకున్నంత ఇక్కడ రాస్తున్నాను. 1945 ఏప్రిల్‌లో, ఓటమి గుమ్మంలోకి వచ్చాక, జపాన్ తన సొంత గడ్డను కాపాడే సైన్యాన్ని రెండు భాగాలు చేసింది. మొదటి మహాసైన్యానికి టోక్యోలో మకాం, సేనాని సుగియామా. రెండోదానికి హిరోషిమాలో మకాం, సేనాని హాటా. జూన్‌లో ఒక చట్టం చేసి 15 నుంచి 60 ఏళ్ళ మగవాళ్ళనూ, 17 నుంచి 40 ఏళ్ళ ఆడవాళ్ళనూ పోరు దళాల్లోకి రాసుకున్నారు. తుపాకులు చాలక వెదురు బల్లేలతో కవాతు చేయించారు. ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడి ఆ రెండో మహాసైన్యపు మకామే బూడిదయింది. హాటా మాత్రం బతికి బయటపడ్డాడు.

వెదురు అన్న మాట వినగానే చుట్టూ చూశాను. గడ్చిరోలి అడవిలో వెదురుకు కరువా! కానీ పోలిక అక్కడితో సరి అనిపించింది. అక్కడ పైనున్న దళపతులు నక్షా పరిచి, కింద ఇల్లాళ్ళ చేతికి వెదురు కర్ర ఇచ్చారు. ఇక్కడ నక్షా లేదు, పైన ఎవరూ లేరు. అన్నట్టు, జపాన్ వాళ్ళు ఒకప్పుడు మన గడ్డ మీదికీ వచ్చారు. 1942 ఏప్రిల్ 6న వాళ్ళ విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. మా అమ్మ కాకినాడలో పుట్టిపెరిగింది. బళ్ళు కట్టుకుని బంధువుల పల్లెకు పోయిన సంగతి కథలు కథలుగా చెప్పేది. పాలేరు మర్చిపోకుండా తెచ్చిన ఆవకాయ జాడీ కథ ఇంకోసారి చెప్తాను. ఇంటిని కాపాడ్డం అనే మాట ఎవరు పలుకుతున్నారన్న దాన్నిబట్టి అర్థం మారిపోతుందని చెప్పడానికి ఇంత దూరం వెళ్ళాను. మళ్ళీ ప్రాణహిత ఒడ్డుకు వద్దాం.

1858 ఏప్రిల్ 29. ప్రాణహిత పక్కన చించ్‌గుండి అనే చోట తంతి పనివాళ్ళు గుడారాలు వేసుకుని ఉన్నారు. టెలిగ్రాఫ్ తీగ ఆ రోజుల్లో కంపెనీకి చెవీ నోరూ రెండూ. తిరుగుబాటు వార్త ఒక చోట నుంచి ఇంకో చోటికి పోయేలోపు సైన్యం పోవాలంటే తీగ ఉండాలి. బాబూరావు, వ్యంకటరావుల దండు ఆ గుడారాల మీద పడింది. గార్ట్‌లండ్, హాల్ అనే ఇద్దరు ఉద్యోగులు చనిపోయారు. మూడో అతను, పీటర్, తప్పించుకుని పోయి క్రైటన్‌కు కబురు చెప్పాడు.

"వాళ్ళు సైనికులు కాదు కదా?" అని మనవడు అడిగాడు. కాదు. తీగ వేయడానికి వచ్చిన ఉద్యోగులు. నేను ఆ మాట దాటవేయలేదు. దాని ఫలితం కూడా వాడికి చెప్పాను. అంతవరకు అడవిలో అల్లరి అనుకున్నది ఆ రోజుతో కంపెనీకి పరువు సమస్య అయింది. క్రైటన్ తన సైన్యంతోనే ఆ అడవిలో బాబూరావును పట్టుకోలేడు. అందుకని అడవి తెలిసిన వాళ్ళ కోసం చూశాడు. అహేరీ జమీందారిణి లక్ష్మీబాయి మీద ఒత్తిడి తెచ్చాడు.

ఇక్కడి నుంచి కథ చెప్పడం కష్టం. ఝాన్సీ లక్ష్మీబాయి 1858 జూన్‌లో గ్వాలియర్ దగ్గర కత్తి పట్టి నేలకొరిగింది. అదే ఏడు, అదే పేరు గల ఇంకో ఆవిడ అహేరీలో తన మనుషులను బాబూరావు కోసం అడవిలోకి పంపింది. అతను ఒకసారి భోపాలపట్నం వైపు చేతికి చిక్కి కూడా తప్పించుకున్నాడు. సెప్టెంబరులో మళ్ళీ దొరికాడు. అహేరీ మనుషులు పట్టి చాందాకు పంపారు. విచారణ చేసి, 1858 అక్టోబరు 21న చాందా జైలు దగ్గర రావిచెట్టుకు ఉరి తీశారు. అతనికి ఇరవై అయిదేళ్ళు. ఉరితాడు మూడుసార్లు తెగిందని గోండు పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వ్యంకటరావు బస్తరుకు పారిపోయాడు. 1860 ఏప్రిల్‌లో బస్తరు రాజు అతన్ని పట్టి అప్పగించాడు. ద్వీపాంతరవాస శిక్ష పడింది, ఎస్టేటు పోయింది. ఆ ఎస్టేటులోంచి 67 గ్రామాలు లక్ష్మీబాయికి బహుమానంగా వచ్చాయి.

ఈ 67 గ్రామాల సంగతి విన్నప్పుడల్లా ఆలాపల్లి నుంచి సిరొంచ దాకా ఎవరో ఒకరు నోరు చప్పరిస్తారు. నాకు మాత్రం ఆవిడను తూలనాడ్డానికి నోరు రాలేదు. నాగపూర్ రాజ్యమే ఒక్క కాగితంతో పోయిన నాలుగేళ్ళకు, అంత పెద్ద ఎస్టేటును ఒక ఆడమనిషి నిలబెట్టుకోవాలి. పక్క జమీందారు తిరుగుబాటు చేశాడు, దొర గుమ్మంలో కూర్చుని "నువ్వు ఎటువైపు" అంటున్నాడు. ఆవిడ దృష్టిలో తాను కాపాడుకున్నది కూడా ఇల్లే. ఇలా అన్నానని బాబూరావు మీద నాకు గౌరవం తగ్గిందని అనుకోవద్దు. అయిదువందల మందిని నమ్మించి వెంట తిప్పుకున్న ఇరవై అయిదేళ్ళ కుర్రవాడు ఏ కాలంలోనైనా అరుదే. కానీ 67 గ్రామాలు పుచ్చుకోవడం వేరు, భయపడి తలవంచడం వేరు అని మా అమ్మాయి అంది. అదీ నిజమే. కారులో ఆ వాదన జిమ్మలగట్ట దాటేదాకా సాగింది.

సిరొంచ దారి గురించి ఒక్క మాట. మొక్కులున్నవాళ్ళు మొక్కుకుని బయలుదేరండి. మేము వెళ్ళినప్పుడు కొన్ని చోట్ల రోడ్డు బాగుంది, కొన్ని చోట్ల గుంటలే రోడ్డు. వంద కిలోమీటర్లకు మా కారు తీసుకున్న సమయంలో నాగపూర్ నుంచి చంద్రపూర్ వెళ్ళి తిరిగి రావచ్చు.

మా వాళ్ళ ఇంటి పెద్దాయన బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. మరాఠీ అలవాటు మీద ఊరంతా "గురూజీ" అంటారు. ఆయన మాట తెలుగే, మధ్యమధ్య మరాఠీ తాలింపు. "కూసోండ్రి, కూసోండ్రి. ఎంత తిప్పలబడి వచ్చిన్రో!" అంటూ మంచాలు వాల్పించారు. వాళ్ళ ఇంటావిడ నన్ను అక్కా అని పిలిచి, ఏటి చేపల పులుసు, జొన్నరొట్టె పెట్టింది. మేము కృష్ణా జిల్లా కారం తిన్నవాళ్ళమని గొప్పలు పోతాం గానీ, సిరొంచ మిరపకాయ ముందు మా గొప్పలన్నీ కళ్ళనీళ్ళయ్యాయి. గోదావరి ఒండ్రు నేలల్లో పండే ఆ మిరపే ఈ తాలూకాకు చేతిలో ఆడే డబ్బు.

సాయంత్రం గురూజీ మమ్మల్ని ప్రాణహిత ఒడ్డుకు తీసుకెళ్ళారు. పాత కోట ఆనవాళ్ళు, వలీ హైదర్ దర్గా, ఆ పైన బ్రిటిష్ కాలపు విశ్రాంతి గృహం. ఏటికి అవతల తెలంగాణ. అక్కడ నిలబడి ఆయన చెప్పిన సంగతి విని నేను నిజంగా నోరు తెరిచాను. బాబూరావు ఉరికంబం ఎక్కేనాటికి సిరొంచ ఇంగ్లీషువారిది కాదు, నిజాంది. ప్రాణహితకు ఇటు ఒడ్డున ఉన్నా నిజాం ఏలుబడే. 1860 డిసెంబరు ఒప్పందంలో గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న కొన్ని తాలూకాలను నిజాం వదులుకున్నాడు. బదులుగా రాయచూర్ దోఆబ్, ధారాశివ్ వెనక్కి తీసుకున్నాడు, షోరాపూర్ దక్కింది, 50 లక్షల బాకీ రద్దయింది. అలా వచ్చిన ముక్కలన్నీ కలిపి "ఎగువ గోదావరి జిల్లా" అని చేశారు. దానికి ముఖ్యపట్టణం ఏది? సిరొంచ! ఆ జిల్లాలో భద్రాచలం ఉంది, రేకపల్లి ఉంది, చర్ల, నూగూరు, ఆల్బాక ఉన్నాయి. అంటే పద్నాలుగేళ్ళ పాటు భద్రాద్రి రాముడు సిరొంచ దొరగారి జిల్లాలో ఉన్నాడు. 1874లో భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలోకి పోయాయి. సిరొంచ చాందా జిల్లాలో ఒక తాలూకా అయిపోయింది. 1909లో నూగూరు, చర్ల, ఆల్బాక కూడా మద్రాసుకు పోయాయి. మిగిలింది సిరొంచ ఒక్కటే.

"ఇంగో నాలుగూర్లు కలిపి మమ్ముల గూడ తోలిచ్చుంటే, మేమూ ఆంధ్రల ఉండేటోళ్ళం, ఇయ్యాల తెలంగాణల ఉండేటోళ్ళం" అన్నారు గురూజీ. కోపంగా కాదు. బస్సు తప్పిపోయినవాడు ఇంకో బస్సు కోసం కూర్చున్నంత నింపాదిగా అన్నారు.

ఆ ఎగువ గోదావరి జిల్లాకు డిప్యూటీ కమీషనర్‌గా ఉన్న వారిలో కెప్టెన్ గ్లాస్‌ఫర్డ్ ఒకడు. ఇతనూ సైనికుడే. 1862లో బస్తరు మీద పెద్ద నివేదిక రాశాడు. అతని పేరిట సిరొంచ దగ్గర గ్లాస్‌ఫర్డ్‌పేట అనే ఊరు ఈనాటికీ ఉంది. నోరు తిరగని ఇంగ్లీషు పేరుకు పేట తగిలించి జనం దాన్ని మన ఊరు చేసుకున్నారు. అంతకు రెండు మూడేళ్ళ క్రితం ఈ అడవిలో జరిగింది తెలిసిన తర్వాత, ముఖ్యపట్టణం ఈ కొసన ఎందుకు పెట్టారో నాకు కొంత అర్థమైంది. ఇక్కడ కూర్చుంటే ఒక కన్ను నిజాం మీద, ఒక కన్ను బస్తరు మీద, ఇంకో కన్నుంటే అహేరీ అడవి మీద. శివుడు కనుక సరిపోయింది గానీ మామూలు అధికారికి కష్టమే. పైగా అప్పట్లో గోదావరి మీద సముద్రం నుంచి వార్ధా దాకా పడవలు నడపాలని పెద్ద పథకం. కాటన్ దొర కల అది, కెప్టెన్ హేగ్ పని నడిపాడు. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర ఏటికి అడ్డంగా బండరాళ్ళు. మొదటిది చాలావరకు లొంగింది, మిగతావి లొంగలేదు. 1871లో డబ్బు ఆపేశారు. పడవల రేవు కావలసిన సిరొంచ మళ్ళీ అడవి ఊరైంది.

1948లో ఇంకోసారి ఈ ఒడ్డు సరిహద్దు అయింది. అవతల నిజాం రాజ్యం, రజాకార్లు. ఇవతల స్వతంత్ర భారతం. హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ వాళ్ళు చాందా లాంటి సరిహద్దు పట్టణాల్లో శిబిరాలు నడిపారు. మధ్యపరగణాల ప్రభుత్వం 1947లోనే హోంగార్డుల చట్టం చేసింది. అంటే ఇంటి కాపలాదళం, ఈసారి సర్కారుదే. రాత్రిపూట పడవల్లో సామాన్లతో దాటి వచ్చిన బంధువుల కథలు గురూజీ తన తాత దగ్గర విన్నారట. సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17న ముగిసింది. ఆ తర్వాత అవతలి ఒడ్డుకు పెళ్ళిసంబంధాలు మళ్ళీ మొదలయ్యాయన్నారు ఆయన. చరిత్ర పుస్తకాల్లో ఈ పెళ్ళిళ్ళ లెక్క ఎవరూ రాయరు.

మర్నాడు సోమనూరు పోయాం. అక్కడ ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఇసుకతిన్నె మీద నిలబడితే ఎదురుగా తెలంగాణ, పక్కన ఛత్తీస్‌గఢ్, కాళ్ళ కింద మహారాష్ట్ర. ఒక గోండు ముసలమ్మ తాటిగంపతో పోతూ "ఏర్" అంది, నీళ్ళ వైపు చూపిస్తూ. గోండిలో ఏర్ అంటే నీళ్ళు. మన ఏరే. మనవడు ఆ మాట పట్టుకుని రోజంతా "ఏర్, ఏరు, ఏర్లు" అంటూ తిరిగాడు.

దారిలో పోచంపల్లి వైపు చూశాం. ఆ పరిసరాల్లోనే 1960 ప్రాంతంలో కలకత్తా గణాంక సంస్థ శాస్త్రజ్ఞులు పెద్ద డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. రవీంద్రుడి పేరు కలిపి బారాపాసారస్ టాగోరీ అన్నారు. ఆ ఎముకల కూర్పు కలకత్తాలో ఉంది. పిల్లలున్నవాళ్ళకు ఇది చాలు, మిగతా చరిత్ర వినకపోయినా వస్తారు. ఇప్పుడు ఆ పోచంపల్లి ఒడ్డునే మేడిగడ్డ బ్యారేజీ ఒక కొస ఆనింది. 2019 జూన్‌లో ప్రారంభించారు. 2023 అక్టోబరులో కొన్ని స్తంభాలు కుంగాయి. బ్యారేజీ కట్టాక వానాకాలంలో వెనక్కి తన్నిన నీళ్ళు తమ చేలలోకి వస్తున్నాయని సిరొంచ రైతులు ధర్నాలు చేశారు. గురూజీ తమ్ముడి మిరపచేను మేము చూశాం. కోత కోసిన గట్టు, ఒండ్రు పేరుకున్న మళ్ళు. "నీళ్ళు అటు రాష్ట్రపువి, మునిగింది ఇటు రాష్ట్రంల" అన్నాడాయన. రెండు రాష్ట్రాల భాషల్లోనూ అర్జీలు రాశాడట. తెలుగులో రాయడం బళ్ళో నేర్పలేదు కనుక అవతలి ఊరి మేనల్లుడితో రాయించాడు.

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. తెలుగు మాట్లాడే రైతు, తెలుగులో అర్జీ రాయడానికి ఏరు దాటాలి. మన పిల్లలకు ఆదివారం తెలుగు తరగతి పెట్టుకుంటే "ఎందుకమ్మా" అని అడుగుతారు. ఇక్కడ ఎందుకో అడిగేవాళ్ళు లేరు. చెప్పేవాళ్ళూ లేరు. గురూజీ కోడలు మాత్రం పిల్లలకు అవతలి ఒడ్డు నుంచి పెద్దబాలశిక్ష తెప్పించి పెట్టింది. అట్ట చినిగిపోయి ఉంది, అంటే చదువుతున్నారన్నమాట.

కాళేశ్వరం చూడకుండా వస్తే మా అత్తగారు స్వర్గంలోంచి తిడతారు. వంతెన మీదుగా పది నిమిషాల దూరం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాళేశ్వరుడు, ఒకటి ముక్తేశ్వరుడు. ముందు యముడికి దండం పెట్టి తర్వాత శివుడికి పెట్టాలి. ఒకప్పుడు సిరొంచ వాళ్ళు తెప్పల మీద వచ్చేవారు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు రెండు ఒడ్డులా స్నానాలు జరిగాయి. ఇవతలి అర్చకుల మంత్రం, అవతలి అర్చకుల మంత్రం ఒక్కటే, లౌడ్‌స్పీకర్లు మాత్రం వేరువేరు భాషల్లో హెచ్చరికలు చేశాయని గురూజీ నవ్వారు.

వెళ్ళాలనుకునేవారికి రెండు దారులు. నాగపూర్, చంద్రపూర్ వైపు నుంచయితే ఆలాపల్లి మీదుగా మేము వెళ్ళినదే. రైల్లో వచ్చేవారు మంచిర్యాలలో దిగి చెన్నూరు మీదుగా ప్రాణహిత వంతెన దాటితే తేలిక. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. అడవి దారిలో చీకటి పడకుండా చూసుకోండి. హోటళ్ళ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి, తెలిసినవారి ఇళ్ళుంటే మొహమాటపడకండి.

తిరుగుదారిలో చంద్రపూర్‌లో జైలు దగ్గర కారు ఆపించాడు మా మనవడు. బాబూరావును ఉరితీసిన రావిచెట్టు స్మారకం జైలు ఆవరణలో ఉంది. ఏటా అక్టోబరు 21న గోండు పల్లెల నుంచి జనం అక్కడికి వస్తారు. మేము వెళ్ళింది ఆ తేదీ కాదు కనుక గోడ బయటే నిలబడ్డాం. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అమ్మమ్మా, ఆ అయిదు వందల మంది పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా?" అని అడిగాడు. మావారు, నేను ముఖాలు చూసుకున్నాం. హాటా పేరు, సుగియామా పేరు, క్రైటన్ పేరు, చివరికి తప్పించుకుపోయిన పీటర్ పేరు కూడా మాకు తెలుసు. ఆ అయిదు వందల మందిలో ఇద్దరి పేర్లు దాటి నేను చెప్పలేకపోయాను.

వాడు పుణె వెళ్ళాక ఫోన్ చేశాడు. పెద్దబాలశిక్ష ఒకటి పంపమన్నాడు. గురూజీ కోడలికి కబురు పెట్టాం.